తప్పెట నుంచి ఫోను దాకా: పంచాయితీ కబురు మన గడపకు వచ్చిన దారి



ప్రతి సంవత్సరం ఈ నివేదికలో పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ, రికవరీ పట్టికలు ఉంటాయి. ఈసారి వాటి మధ్యలో ఒక చరిత్ర వ్యాసం కూడా వేద్దామని కార్యవర్గంలో అనుకున్నాము. రాజుల చరిత్ర కాదు. పంచాయితీలోనో, తాలూకా కచేరీలోనో, మండలాఫీసులోనో ఒక నిర్ణయం జరిగితే ఆ మాట మన వూరికి, మన వీధికి, మన పొయ్యి దాకా ఎట్ల వస్తా ఉండింది, మధ్యలో ఎవరి కాడ ఆగిపోతా ఉండింది అనేదే ఈ చరిత్ర.

ఇది ఎందుకు రాయాల్సి వచ్చిందంటే, ఏ గ్రామ సంఘం సమావేశానికి పోయినా మాకు రెండు మాటలు వినిపిస్తాయి. మన సభ్యులు "మాకెవరూ చెప్పలేదు" అంటారు. ఆఫీసు వాళ్ళు "నోటీసు వేసినాము కదా" అంటారు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడంలేదు. నోటీసు వేసింది నిజమే, మనకు తెలియంది నిజమే. ఈ రెండు నిజాల నడుమ ఉండే సందులో మనోళ్ళ పింఛన్లు, ఇంటిపట్టాలు, భూమి కాగితాలు పడిపోతా ఉన్నాయి. ఆ సందు ఎప్పటిది అని వెతకబోతే చానా పాతకాలం దాకా పోవాల్సి వచ్చింది.

మన పక్కనే తిరుచానూరు. అమ్మవారి గుడికి పోనోళ్ళు మనలో ఎవరూ ఉండరు. ఆ వూర్లో వెయ్యేండ్ల ముందే ఒక సభ ఉండింది. భూములు, దానాలు, గుడి దీపాలు ఇట్లాంటి వ్యవహారాలు ఆ సభ చూసుకునేది. సభలో జరిగింది గుడి గోడల మీద రాతిలో చెక్కించేవాళ్ళు. తిరుమల గోడల మీద ఆ శాసనాలు ఇప్పటికీ ఉన్నాయి. ఎక్కువ భాగం తమిళంలో ఉంటాయి. 10వ శతాబ్దంలో సామవై అనే పల్లవ వంశపు రాణమ్మ స్వామికి వెండి విగ్రహం చేయించి ఇచ్చింది. దానికి కైంకర్యాలు జరగాలని భూములు కూడా ఇచ్చి, ఆ సంగతంతా గోడ మీద రాయించింది. ఆ విగ్రహమే ఇప్పుడు భోగ శ్రీనివాసుడని పిలుచుకునేది.

మాకు అంతకంటే బాగా నచ్చింది ఇంకో శాసనం. రాజేంద్ర చోళుడి కాలం, అంటే 11వ శతాబ్దం మొదట్లో జరిగిన సంగతి. తిరుముండియం అనే వూరి సభ గుడిలో 24 దీపాలు పెడతామని సొమ్ము తీసుకునింది. తర్వాత పెడతా ఉండింది రెండే. రాజు తరఫు అధికారి తిరుచానూరికి వచ్చి, అందరినీ పిలిచి విచారణ చేస్తే సంగతి బయటపడింది. ఉపాధి పనుల సోషల్ ఆడిట్ చూసినోళ్ళకు ఇది కొత్తగా ఏమీ అనిపించదు. మస్టర్లో 24 మంది, పనికాడ ఇద్దరు! గ్రామ సభ, లెక్క అడిగేది, గోడ మీద రాసేది, ఇవన్నీ మొన్న మొన్న వచ్చినవి కావని చెప్పడానికే ఈ సంగతి రాస్తా ఉన్నాము. అయితే ఒకటి ఆలోచించండి. ఆ గోడ మీది రాత ఎంతమంది చదవగలిగి ఉంటారు? గుడి లోపలికి అడుగు పెట్టే వీలులేని కులాలు ఎన్ని ఉండినాయి? చెక్కిన మాట వెయ్యేండ్లు నిలిచింది. అదే రోజు పక్క పల్లెలో చేను కోసే ఆడమనిషికి మాత్రం చేరి ఉండదు.

చదవలేని జనానికి కబురు చేర్చేది తప్పెట. కొన్ని వూర్లలో దండోరా అంటారు, కొన్నిచోట్ల టముకు అంటారు, చాటింపు అనే మాట అందరికీ తెలుసు. ఇంగ్లీషోళ్ళ కాలం చట్టాల్లోనే ఇది ఉండింది. శిస్తు కట్టకపోతే జప్తు, వేలం, సర్వే, ఏదైనా సరే వూర్లో టముకు వేయించి తెలియజేయాలని రాసి పెట్టినారు. అప్పట్లో మన ప్రాంతం ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండింది. ఆ జిల్లాకు ముఖ్యపట్టణం చిత్తూరే. మద్రాసు నుంచి వచ్చిన ఉత్తర్వు చిత్తూరుకు, చిత్తూరు నుంచి తాలూకా కచేరీకి, కచేరీ నుంచి వూరి మునసబుకు, కరణానికి వచ్చేది. మునసబు తలారికి చెప్తే, తలారి వెట్టిని పిలిస్తే, వెట్టి మెడకు తప్పెట తగిలించుకోని బయల్దేరేవాడు. జీతం బత్తెం సరిగా లేని చాకిరికి వెట్టిచాకిరి అనే పేరు ఎట్ల వచ్చిందో ఆ కొలువు పేరే చెప్తాది.

మా గ్రామ సంఘంలో ఎనభై దాటిన అవ్వ ఒకామె ఉంది. పొదుపు ఇప్పుడు కోడలు కడతాది గానీ సమావేశానికి అవ్వే వస్తాది. తప్పెట ఎట్ల కొట్టేవాళ్ళని అడిగితే ఆమె చెప్పింది ఇది: "రావిమాను కాడ మూడుతూర్లు, పెద్దీధి మొదట్లో ఒకతూరి, చెరువుకట్ట కాడ ఒకతూరి. మా వాడలోకి వచ్చి కొట్టేపని ఏముంది? కొట్టేవాడు మావాడే కదా, ఇంటికొచ్చి సంగటి తింటా చెప్తే విందుములే అనుకునేవాళ్ళు పెద్దలు." ఇంకో మాట కూడా అనింది. తప్పెట వినపడితే మొగోళ్ళు బయటికి పోయి నిలబడేవాళ్ళంట, ఆడోళ్ళు తలుపు చాటున నిలబడి సగం వినేవాళ్ళంట. మిగిలిన సగం మొగుడు చెప్పాలి. ఆయన చెప్పబుద్ధి అయితే చెప్పేవాడు.

కొట్టేవాడి వాడకే ఆ చప్పుడు పోకపోవడం, వినాల్సిన మనిషి తలుపు చాటున ఉండిపోవడం, మేము చెప్పిన సందు ఇదే. తర్వాత ఎన్ని మార్పులు వచ్చినా దీన్ని పెట్టే చూడాలని మా అభిప్రాయం.

1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా పుట్టింది. ఉత్తర ఆర్కాటు నుంచి చిత్తూరు, పలమనేరు, చంద్రగిరి ప్రాంతాలు, కడప జిల్లా నుంచి మదనపల్లె, వాయల్పాడు, ఇంకా పుంగనూరు, కార్వేటినగరం, కాళహస్తి మాదిరి జమీన్‌దారీ ప్రాంతాలు కలిపి చేసినారు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోయింది, చెంగల్పట్టు నుంచి సత్యవేడు ప్రాంతం మనకు వచ్చింది. హద్దు అటూ ఇటూ జరిగినప్పుడు మనుషులు యాడికీ కదల్లేదు, వాళ్ళు పోవాల్సిన ఆఫీసు, ఆ ఆఫీసు కాగితం భాష మాత్రం మారిపోయినాయి. సత్యవేడు, నగరి, కుప్పం వైపు మన బంధువులు ఉన్నోళ్ళకు ఈ కష్టం తెలుసు. ఇంట్లో ఒక భాష, నోటీసులో ఒక భాష. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు మనకూ కొంచెం ఇట్లే అయింది. సోమవారం అర్జీ ఇవ్వాలని అలవాటుగా చిత్తూరు బస్సు ఎక్కిపోయి, అక్కడ "మీది ఇప్పుడు తిరుపతి" అంటే తిరిగి వచ్చినోళ్ళు మన సభ్యుల్లోనే ఉన్నారు. కొత్త జిల్లా సంగతి టీవీలో చూసినారు. తమ అర్జీ యాడ ఇవ్వాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

పంచాయితీ చట్టాల గురించి తొందరగా చెప్పేస్తాము. 1884 మద్రాసు లోకల్ బోర్డుల చట్టంతో జిల్లా బోర్డు, తాలూకా బోర్డు వచ్చినాయి. ఆస్తి, పన్ను ఉన్నోళ్ళ రాజ్యం అది. స్వతంత్రం వచ్చినాక 1950లో మద్రాసు గ్రామ పంచాయితీల చట్టం, 1959లో సమితులు, జిల్లా పరిషత్తులు, 1964లో ఆంధ్రప్రదేశ్ గ్రామ పంచాయితీల చట్టం వచ్చినాయి. ఆడోళ్ళకు పంచాయితీలో ఒకటో రెండో స్థానాలు ఉండేవి. పేరు ఉండేది, మనిషి ఇంట్లో ఉండేది, మినిట్సు పుస్తకం వేలిముద్రకు ఇంటికి వచ్చేది. పంచాయితీ ఆఫీసులో రేడియో పెట్టింది ఆ కాలంలోనే. పొద్దుగూకే వేళ దాని చుట్టూ జనం చేరేవాళ్ళు. పంటల సంగతులు, ధరలు, వార్తలు వినేవాళ్ళు. వినింది మళ్ళా మొగోళ్ళే. ఆ వేళప్పుడు ఆడోళ్ళు పొయ్యికాడ ఉంటారని రేడియో పెట్టినోళ్ళకు తెలియకపోయిందేమో.

1984 జనవరిలో రామారావు ప్రభుత్వం మునసబు, కరణం ఉద్యోగాలను రద్దు చేసింది. తరతరాలుగా ఒకే ఇంట్లో ఉండిన వూరి లెక్కలు ప్రభుత్వం చేతికి పోయినాయి. 1980ల మధ్యలో తాలూకాలు, సమితులు పోయి మండలాలు వచ్చినాయి. ఆఫీసు దగ్గరైంది, బస్సు ఛార్జీ తగ్గింది. దీన్ని తక్కువ చేసి చెప్పకూడదు. ఒక ఆడమనిషి పొద్దన్నే పోయి బిడ్డలు బడి నుంచి వచ్చే లోపల ఇంటికి వచ్చేయగలిగే దూరంలో ఆఫీసు ఉండడం మనకు పెద్ద సంగతి. కానీ కరణం పోయినాక "ఈ కాగితంలో ఏముంది సామీ" అని అడిగేదానికి వూర్లో మనిషి కూడా పోయినాడు. మంచోడో చెడ్డోడో, ఆయన వూర్లో ఉండేవాడు. ఆ తర్వాత చానా ఏండ్లు పంచాయితీ ఆఫీసు గోడకున్న నల్లబోర్డే మనకు దిక్కు.

బోర్డు చదవాలంటే చదువు రావాలి. ఇక్కడ మన కథ మలుపు తిరిగింది.

1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమం వచ్చింది. మన జిల్లాలో కూడా రాత్రిపూట వీధి దీపం కింద, బడి వరండాలో ఆడోళ్ళు పలక పట్టినారు. పక్కనే నెల్లూరు జిల్లా దూబగుంటలో, 1992లో, ఆ రాత్రి చదువుల్లో సారాయి గురించి పాఠం చదివిన ఆడోళ్ళు తమ వూర్లో సారాయి అంగడి మూయించినారు. రోశమ్మగారి పేరు అందరికీ తెలిసిందే. అది మన చిత్తూరు జిల్లాకు కూడా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారాయి నిషేధం అయింది. ఆ ఉద్యమం గురించి చెప్పేటప్పుడు అందరూ సారాయి గురించే చెప్తారు. మేము ఇంకో మాట చెప్పాలనుకుంటా ఉన్నాము. చదివింది ఒకామె, వినింది పదిమంది, బయల్దేరింది వూరంతా. ఒక కబురు ఆడోళ్ళ మధ్యలో చేయి మారి, పనిగా మారడం అందరి కండ్లముందర జరిగింది అప్పుడే. సారాయికి పోయే డబ్బులో రోజుకు రూపాయి పక్కన పెడదామనే పొదుపు కూడా ఆ వెనకే వచ్చింది. మన సంఘాలకు అక్కడే వేరు ఉంది.

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లోకి వచ్చింది. దాన్నిబట్టి 1994లో మన రాష్ట్రం పంచాయితీరాజ్ చట్టం చేసింది. మూడింట ఒక వంతు స్థానాలు ఆడోళ్ళకు వచ్చినాయి. 2011లో దాన్ని సగం చేసినారు. వార్డు మెంబరో, సర్పంచో ఎవరో ఒకరు ఇప్పుడు మన సంఘం మనిషే అయి ఉంటాది. గ్రామసభ సంవత్సరానికి కనీసం రెండుసార్లు జరగాలని ఆ చట్టం చెప్పింది. ఓటరు జాబితాలో పేరున్న ప్రతి మనిషి ఆ సభకు సభ్యురాలే. పిలుపు రాలేదు కాబట్టి పోలేదు అనే మాట మనోళ్ళు ఇప్పటికీ అంటారు. పెళ్ళికి పిలుపు కావాల గానీ, మన సభకు మనకు పిలుపేంది? అయినా తేదీ అన్నా తెలియాలి కదా అంటారు. అదీ నిజమే.

2005, 2006 సంవత్సరాలు మనకు ముఖ్యం. 2005 అక్టోబరు 12 నుంచి సమాచార హక్కు చట్టం పూర్తిగా అమల్లోకి వచ్చింది. అప్పటిదాకా ప్రభుత్వం చెప్పింది మనం వినాలి. అప్పటినుంచి మనం అడిగింది ప్రభుత్వం చెప్పాలి. మన రాష్ట్ర నియమాల ప్రకారం గ్రామస్థాయి ఆఫీసులో అర్జీకి ఫీజు లేదు. మండలస్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాయడం రానోళ్ళు నోటితో చెప్తే రాసుకోవడానికి అక్కడి అధికారి సాయం చేయాలని చట్టంలోనే ఉంది. ఈ చివరి మాట చానామందికి తెలియదు కాబట్టి అక్కలూ, దీన్ని మీ సంఘంలో రెండుతూర్లు చదివి వినిపించండి.

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. మొదటి విడతలోనే మన చిత్తూరు జిల్లా కూడా ఉండింది. పని చేసినోళ్ళ పేర్లు, రోజులు, కూలి గోడల మీద రాసినారు. సోషల్ ఆడిట్ వాళ్ళు ఇంటింటికీ వచ్చి "నీ పేరు మీద ఇన్ని రోజులు ఉంది, నిజమేనా అమ్మా" అని అడిగినారు. మా జతలో చానామందికి ప్రభుత్వ కాగితంలో మన పేరు చదివి, అది నిజమా అబద్ధమా అని మననే అడిగింది అదే మొదటిసారి. అప్పటిదాకా కబురు అంటే పైనుంచి కిందికి వచ్చేది. "అబద్ధం సార్, నేను ఆ వారం పనికి పోలేదు" అని ఒక కూలి మనిషి ప్రజావేదికలో లేచి చెప్పినాక కింద నుంచి పైకి కూడా పోతాదని తెలిసింది. తిరుముండియం దీపాల లెక్క బయటపడినాక వెయ్యేండ్లకు, గోడ ముందర మాట్లాడే వంతు మనకు వచ్చింది.

2019 ఆగస్టు 15 నుంచి 50 ఇండ్లకు ఒక వాలంటీరు, అక్టోబరు 2 నుంచి గ్రామ సచివాలయాలు వచ్చినాయి. కబురు మొదటిసారి గడప దాకా వచ్చింది. మంచాన పడిన అవ్వకు కూడా వచ్చింది. 2024లో వాలంటీర్ల పని ఆగిపోయింది. ఆ జులై 1 నుంచి సచివాలయం సిబ్బందే ఇంటికి వచ్చి పింఛను ఇస్తా ఉన్నారు. ఏది మేలు ఏది కీడు అని పార్టీల లెక్కన మేము రాయబోము. మన సమాఖ్యలో అన్ని పార్టీల వాళ్ళు ఉన్నారు. కబురు లెక్కన మాత్రం ఒక మాట చెప్పొచ్చు. గడపకు వచ్చి చెప్పేవాళ్ళున్న నాలుగైదేండ్లలో మన సభ్యులు బోర్డు చూసే అలవాటు మానుకున్నారు. చెప్పే మనిషి ఆగిపోయినప్పుడు బోర్డూ లేదు, మనిషీ లేదు. ఒక దారి కొత్తగా వస్తే పాత దారిని గడ్డి మొలవనిచ్చేస్తాము మనం.

దీనివల్ల ఏం నష్టం జరుగుతాదో ఒక సంగతితో చెప్తాము. 2020 డిసెంబరు 21న రాష్ట్రంలో భూముల రీసర్వే మొదలైంది. వూరి వంతు వచ్చినప్పుడు ముందు నోటీసు వేస్తారు, సభ పెడతారు, మీ హద్దులు చూపించండని భూమి గలవాళ్ళను పిలుస్తారు. నోటీసు ఎవరి పేరుకు వస్తాది? రికార్డులో ఉన్న పేరుకు. మన సభ్యుల్లో ఒంటరి ఆడోళ్ళు ఎంతోమందికి భూమి చనిపోయిన మొగుడి పేరు మీదనో, మామ పేరు మీదనో ఉంది. చనిపోయినోడి పేరు మీద వచ్చిన నోటీసు ఎవరు చదువుతారు?

మన మండలంలోనే ఒక వూర్లో ఒక చెల్లెలికి ఇట్లే జరగబోయింది. మొగుడు పోయి ఆరేండ్లు. ఎకరా లోపల మెట్టభూమి, నాలుగు మామిడి మాన్లు. పట్టా మామ పేరు మీద. రీసర్వే సభ సంగతి వూరి వాట్సాప్ గ్రూపులో పెట్టినారు. ఆమె ఫోను బటన్ల ఫోను. పక్కచేను వాళ్ళు గట్టు జరిపి చూపించడానికి తయారుగా ఉన్నారు. ఆ వారం గ్రామ సంఘం సమావేశంలో ఒకామె తన కొడుకు ఫోనులో చూసిన మాట చెప్పబట్టి ఈమెకు తెలిసింది. ముగ్గురు సంఘం వాళ్ళు, ఆమె, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మామ మరణ పత్రం, పాత పాసుపుస్తకం తీసుకోని పోయి సర్వేయరు ముందర నిలబడినారు. గొలుసు పట్టే రోజు సంఘం వాళ్ళు గట్టు మీదనే కూర్చున్నారు. హద్దు రాయి ఉండాల్సిన చోటే పడింది. పేరు మార్పు అర్జీ మాత్రం చానా నెలలు తిరిగింది. 2024 డిసెంబరు 6 నుంచి 2025 జనవరి 8 దాకా వూరూరా రెవెన్యూ సదస్సులు పెట్టినప్పుడు మళ్ళా అర్జీ ఇచ్చింది. ఆ సదస్సు తేదీ ఈసారి ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. ఆమే పోయి బోర్డు చూసి, ఇంకో నలుగురికి చెప్పింది.

ఆమె అడిగిన ఒక మాట మాకు ఇంకా చెవిలో ఉంది: "అక్కా, నేను ఆ దినం సమావేశానికి పోకుండా కూలికి పోయుంటే?" కూలికి పోయినోళ్ళు ఎందరో ఉంటారు.

ఇప్పుడు కబురు అంతా ఫోనులోనే. 2025 జనవరి 30న ప్రభుత్వం మన మిత్ర అని వాట్సాప్ సేవ పెట్టింది. 95523 00009 అనే నంబరుకు మెసేజి పెడితే ధ్రువపత్రాలు, బిల్లులు, అర్జీలు చూసుకోవచ్చు. పంచాయితీకి ఎంత డబ్బు వచ్చింది, దేనికి ఖర్చుపెట్టినారు అనేది 2020 ఏప్రిల్ 24న వచ్చిన ఈ-గ్రామ్‌స్వరాజ్‌లో ఎవరైనా చూడొచ్చు. 15వ ఆర్థిక సంఘం (2021-26) డబ్బులో 60 శాతం నీళ్ళకు, పారిశుధ్యానికే వాడాలి అని నియమం పెట్టినారు. మన వీధిలో మోరీ ఎందుకు తీయలేదని అడిగేముందు ఈ సంగతి తెలిసి ఉంటే మన మాటకు బరువు ఉంటాది. ఇవన్నీ మంచివే. కరణం ఇంటి పెట్టెలో ఉండిన లెక్క మన చేతిలోకి వచ్చింది. కానీ మన సంఘాల్లో ఫోను ఎవరి దగ్గర ఉంటాది? ఎక్కువ ఇండ్లలో మొగుడి దగ్గరనో, కాలేజీకి పోయే కొడుకు దగ్గరనో. అవ్వ చెప్పిన తలుపు చాటు ఇప్పుడు ఫోను తెర చాటు అయింది. వాట్సాప్ గ్రూపులో పెట్టినామంటే అందరికీ చెప్పినట్లే అనుకునే ఆఫీసు వాళ్ళకు ఈ మాట మర్యాదగానే చెప్తా ఉన్నాము.

2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయితీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిగినాయి. ఆ సభకు కొన్ని వూర్లలో మళ్ళా దండోరా వేయించినారు. బిడ్డలు వింతగా చూసినారు. మా అవ్వ మాత్రం "ఈసారి మా వాడలోకి కూడా వచ్చి కొట్టినాడు" అనింది. అదొక్కటే ఆమె గమనించింది. మాకైతే ఆ రోజు సభలో జరిగిన తీర్మానాలన్నిటికంటే ఆ మాటే గుర్తుండిపోయింది.

సమాఖ్య తరఫున మేము పెట్టుకున్న పద్ధతి గురించి రాసి ముగిస్తాము. గ్రామ సంఘం సమావేశంలో హాజరు, పొదుపు కాకముందే "కబురు" అనే అంశం పెట్టినాము. సచివాలయం బోర్డు, పంచాయితీ బోర్డు చూసి రావడానికి నెలకు ఇద్దరు వంతు. ఒకామె చదువు వచ్చినామె, ఇంకొకామె రానామె. ఇద్దరినీ ఎందుకు పెట్టినారని కొందరు అడిగినారు. చదువు వచ్చినామె బోర్డు చదువుతాది. రానామె "అంటే ఏంది, మనకేంది, ఎప్పటిలోపల?" అని అడుగుతాది. ఆమె అడగబట్టే చదివినామెకు కూడా అర్థమైందా లేదా తెలుస్తాది. దళితవాడ, యానాది కాలనీ, వూరికి దూరంగా ఉండే ఇండ్లకు ఎవరు పోయి చెప్పాలో ముందే పేరు రాసుకుంటాము. సంవత్సరానికి ఒకసారి మనం తయారుచేసే గ్రామ పేదరిక నిర్మూలన ప్రణాళిక గ్రామసభలో పంచాయితీ ప్రణాళికలో కలవాలి. అది కలిసిందా, ఎంత కలిసింది అనేది కూడా ఈ కబురులోకే వస్తాది. మనం పంపిన కబురుకు జవాబు అడగడం అన్నమాట.

దీనికి ఒక పుస్తకం పెట్టినాము. మామూలు రెండొందల పేజీల నోటుబుక్కు. అయిదు గడులు గీసినాము: తేదీ, కబురు ఏంది, ఎవరికి పనికొస్తాది, ఎవరు పోయి చెప్పినారు, ఏమైంది. మొదటి నాలుగు గడులు అన్ని గ్రామ సంఘాల్లోనూ బాగా నిండినాయి. అయిదో గడి చానా వరసల్లో ఖాళీగా ఉంది. వచ్చే నెల మండల సమావేశానికి వచ్చేటప్పుడు ప్రతి గ్రామ సంఘం అధ్యక్షురాలు ఆ పుస్తకం వెంట తీసుకోని రావాలి. ఖాళీ వరసలు ఒకటొకటిగా చదువుదాము.